సంతకానికి ముందు

మా మనవరాలు చదివే మదనపల్లె కాలేజీలో లెక్కల శాఖవాళ్లు డిగ్రీ సిలబస్ మారుస్తూ, తల్లిదండ్రుల తరఫున నన్ను మీటింగుకు పిలిచారు.

"సంతకం పెట్టేయ్ పెద్దాయనా, టీ సల్లారిపోతాండాది" అంటూ శాఖ హెడ్డు కాగితాలు నా ముందుకు తోశాడు.

"ఉండప్పా, సదవనీ."

అరవై ఏళ్లకు నేర్చిన అక్షరాలు. కూడబలుక్కుంటూ చదువుతుంటే వాళ్లు గడియారం చూసుకున్నారు. నాలుగో పేజీలో ఉంది: విద్యార్థులు ఆఖరి ఆరు నెలలూ కుప్పం బడిలో పిల్లలకు లెక్కలు చెప్పాలి, లేకుంటే డిగ్రీ లేదు.

"పుంగనూరు పక్క పల్లె మాది. బిడ్డ దినామూ అంత దూరం కుప్పం యాడ పోతాది? సదువే మానేస్తాది. పుంగనూరు బడిలో లెక్కలు లేవా?"

హెడ్డు పెన్ను తీసి "లేదా దగ్గరి బడిలో" అని చేర్చాడు. అప్పుడు సంతకం పెట్టాను.

బస్సెక్కాక అనుమానం వచ్చింది. ఆ కాగితం మళ్లీ టైపు చేస్తారు కదా, ఆ మూడు మాటలూ ఉంటాయో లేదో.