ఒక్క బంతీ వదలని తమ్ముడు

మా వయసు రోజుల్లో జమ్మలమడుగు పక్క పల్లెల్లో కొడుక్కి మీసం మొలిస్తే తల్లికి కంటి మీద కునుకుండేది కాదు. ఏ ఫ్యాక్షన్ పార్టీ జీపు వచ్చి "రాప్పా, ఊరికే తోడు రా" అని ఎక్కించుకుపోతుందో తెలియదు. ఎక్కినవాడు దిగడం కష్టం. అందుకే అమ్మ మా తమ్ముణ్ణి ప్రొద్దుటూరులో చిన్నమ్మ ఇంట పెట్టి చదివించింది, వాడికి కాపలాగా నన్ను పంపింది. వాడు చదివింది తక్కువ, బేస్‌బాల్ ఆడింది ఎక్కువ. (కర్ర గుండ్రంగా ఉంటుంది, చేతికి తోలు తొడుగు ఉంటుంది, తక్కినదంతా అరుపులే.) బాగా ఆడినవాణ్ణి దూరపు ఊరి ఆటల హాస్టల్‌కు పంపుతారని డ్రిల్లు సారు చెప్పినప్పటి నుంచి, అమ్మ ఆదివారం ప్రార్థనలో ప్రభువుకు బేస్‌బాల్ అంటే ఏమిటో విడమరచి చెప్పేది.

నేను వాళ్లు ఆడే గ్రౌండులోనే నీళ్ల బిందెలు మోసేదాన్ని. మంచి ఆటగాణ్ణి ఎట్లా తేలుస్తారని సారును అడిగాను. "ఎవడు ఎన్ని బంతులు జారవిడిచినాడో రాస్తామ్మా. అందరివీ ఒక కుప్ప పోసి సమంగా పంచితే వచ్చేది సగటు. మీవోడిది దానికంటే తక్కువుండాల" అన్నారు. సారు ఇంకా ఏదో చెప్తున్నారు గానీ, నాకు అప్పటికే అంతా అర్థమైపోయింది కనుక బిందె ఎత్తుకుని వచ్చేశాను. అక్షరం రాకపోయినా పంచడం నాకొచ్చు.

ఆ గ్రౌండుకు ఒక పక్క పందిరి వేసుకుని ఒక పార్టీ పెద్దాయన రోజూ ఆట చూసేవాడు. చుట్టూ ఆయన మనుషులు.

"రేయ్, నువ్వు ఆ పందిరి ముందర నిలబడు. ఆయన దిక్కు బంతి కొట్టే మొగోడు మన జిల్లాలో లేడు" అన్నాను.

"ఆడ నిలబడితే నాకు బంతే రాదు గదక్కా!"

"రాకుంటే ఎట్లా జారుతుందిరా, పిచ్చోడా?"

ఆ చోటు ఇంకెవడికీ అక్కర్లేదు కాబట్టి వాడికే దక్కింది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల జట్లు ఆడినన్నాళ్లూ బంతి జారినప్పుడల్లా ఒక చింతపిక్క కొంగున వేసుకున్నాను. పంచితే తలా ఏడు వచ్చాయి. మావాడికి సున్నా. ఆఖరి రోజు సారు ముందు కొంగు విప్పి గర్వంగా చూపించాను.

"జారినవి సరేమ్మా, పట్టినవెన్ని?" అన్నారు సారు. ఆ లెక్క నా కొంగులో లేదు. "మీవోడి పక్కకు వచ్చిందే రెండు. అందులో ఒకటి కుక్క తెచ్చిచ్చె. పులివెందుల పిల్లోడు పదకొండు వదిలినాడు, నిజమే. కానీ యాడ పడినా ఉరికినాడు, అందరికంటే ఎక్కువ పట్టినాడు. వాణ్ణే పంపుతాండాం."

"ఇంకో మూల నిలబెట్టి చూడండి సార్!"

"పేర్లు పైకి పంపించేసినామమ్మా."

చింతపిక్కలు అక్కడే రాలిపోయాయి. తమ్ముడు మాత్రం "ఒక్కసారన్నా ఉరకనియ్యకపోతివి గదక్కా" అన్నాడు.

అంతటితో పోతే బాగుండేది. సెలవులకు పల్లెకు వచ్చి నెల తిరక్కుండా మా ఇంటి ముందు జీపు ఆగింది. "అన్ని దినాలు నా ముందర కదలకుండా నిలబడినోడు గదా. ఇట్లాంటోడే కావాల" అన్నాడట పెద్దాయన. అమ్మ జీపు వెంట ఏటి గట్టు దాకా పరిగెత్తింది. ఆ తర్వాత ప్రార్థనలో బేస్‌బాల్ మాట ఎత్తలేదు. తమ్ముడు తిరిగి రావడానికి తొమ్మిదేళ్లు పట్టింది. వచ్చాక కుడిచెయ్యి భుజం దాటి లేవదు.

యాభై దాటాక నేను వయోజనుల బడిలో అక్షరాలూ భాగహారమూ నేర్చుకున్నాను. మొదట పలక మీద వేసింది వాడి లెక్కే: వచ్చినవి రెండు, పట్టినవి రెండు, వదిలినవి సున్నా. అన్నం తినడానికి వచ్చిన తమ్ముడు పలక ఎడమచేత్తో పట్టుకుని చూశాడు.

"ఏందక్కా, కుక్క పట్టింది గూడా నాకే రాసినావు?"

నవ్వొచ్చింది. పలక తుడవబోయి, ఊరుకున్నాను. అదొక్కటైనా వాడికి ఉండనీ అనిపించింది.