ఇంజను మీద ముగ్గుపిండి

అయిదో తరగతి వరకే చదివాను, రాతలో తప్పులుంటే నవ్వకండి.

ఈ రోజు నరసరావుపేటలో మా ఆయన షెడ్డుకి ఒక మాస్టారు వాళ్ల నాన్నగారి పాత అంబాసిడర్ తెచ్చారు. మధ్యలో ఎవరైనా ఇంజను మార్చేశారేమోనని ఆయన అనుమానం. అందులో ఉన్నది నాన్నగారు నడిపిన ఇంజనే అయితే బాగుచేయించుకుంటారట, కాకపోతే పాత ఇనుముకి ఇచ్చేస్తారట. మా ఆయన ఇన్నాళ్లూ బైకులే చేశారు, కారు ఇదే మొదటిది. ఇంజను మీద ఉబ్బెత్తుగా ఉన్న అంకెలు చదివి, ఆర్సీ పుస్తకంతో కలవడం లేదన్నారు. మాస్టారి ముఖం చిన్నబోయింది.

టీ ఇచ్చే వంకతో వెళ్లి మా ఆయనతో మెల్లగా అన్నాను. "అయి అచ్చులో పోసిన అంకెలండీ. ఆ అచ్చులో పోసిన ఇంజన్లన్నిటికీ అయ్యే ఉంటాయి. దీని సొంత నంబరు తర్వాత కొట్టుంటారు, లోపలికి దిగుంటది, చూడండి."

"ఏందే, ఇంజన్లు ఎప్పుడు నేర్చావు?"

"ఇంజన్లు కాదు, అక్షరాలు. మా నాన్న దుర్గిలో రాళ్ల మీద పేర్లు చెక్కుతాడుగా."

కిరసనాయిలుతో జిడ్డు కడిగితే ఒక పక్క చిన్న చదును కనబడింది. అరిగిపోయిన రాతి మీద నాన్న చేసినట్టే ముగ్గుపిండి రాసి, పైపైన తుడిచాను. అంకెలు తెల్లగా తేలాయి. మాస్టారు పుస్తకం పట్టుకుని ఒక్కొక్కటే చదివారు. చివరిదాకా కలిసింది.

"మా నాయన ఇంజనేనయ్యా. ఎన్నాళ్లు పట్టినా నువ్వే చెయ్యి" అని తాళాలు మా ఆయన చేతిలో పెట్టారు.

ముగ్గుపిండి ఉపాయం తనదేనని మా ఆయన అప్పుడే పక్క షెడ్డు బాషా అన్నకి చెబుతున్నారు. మీ ఇళ్లలోనూ ఇంతేనా? త్వరగా చెప్పండి, ఆయన చూసేలోపు ఈ పోస్టు తీసేస్తాను.