ప్రార్థన చేసిన కిచిడీ

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండమ్మా. అంత దూరంగా గోడకి ఆనుకుంటే నా గొంతు అందదు. చేతిలో చిక్కుళ్ళుంటే పక్కన పెట్టండి, ఒలుస్తూ వినే మాట కాదిది.

మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో షెడ్డు హూటరు మామూలుగా మోగితే ఎవరూ తలెత్తరు. ఆగి ఆగి, మళ్ళీ మళ్ళీ మోగిందంటే మాత్రం ఎక్కడో బండికి ఆపద వచ్చిందని అర్థం. అప్పుడు పడిపోయిన బండ్లని లేపే బ్రేక్‌డౌన్ గ్యాంగు మనుషులు ఉన్నవాళ్ళు ఉన్నట్టే షెడ్డుకి పరిగెడతారు. ఒంటి మీద సబ్బు నురగతో, భుజాన చొక్కాతో పరిగెత్తినవాళ్ళని చూశాను. మా నాన్న అలాగే పరిగెత్తేవాడు. ఆయన తర్వాత మా అన్నయ్య.

ఆ వానాకాలం ఉదయం అలాంటి హూటరే మోగింది. కట్ని వైపు కొండల్లో కొండచరియ విరిగి, సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న పాసింజరు బండి మీద పడిందని కాసేపటికి ఫోన్లలో తెలిసింది. రెండు పెట్టెలు పక్కకి ఒరిగి బురదలో కూరుకుపోయాయట.

మా సంఘంలో ఒక పద్ధతుంది. ఇలాంటిదేదైనా జరిగితే స్త్రీల సమాజం వాళ్ళం చర్చి వెనక పెద్ద గిన్నెలు దించుతాం. దెబ్బలు తగిలినవాళ్ళని చూసుకోవడానికి డాక్టర్లు వస్తారు, బంధువులు వస్తారు. దెబ్బలు తగిలినవాళ్ళని బయటికి లాగే మనుషులకి గ్లాసుడు టీ ఇచ్చేవాళ్ళు ఉండరు. మేం వాళ్ళ కోసం వెళ్తాం.

బంగాళాదుంపలు తరుగుతుంటే వదిన ఫోను చేసింది. మా అన్నయ్య భార్య.

"ఒలమ్మీ, మీరెల్తన్నారేటి అక్కడికి?"

"ఎల్తన్నాం వదినా. సామాను ఏన్‌లో ఎక్కిస్తన్నారు."

"మీ అన్న పొద్దున్నే షుగరు బిళ్ళ ఏసీసుకున్నాడే. ఏసుకుని పళ్ళెం ముందర కూకున్నాడో లేదో, హూటరు మోగీసింది. ఇడ్లీ ముక్క నోట్లో ఎట్టలేదు. డబ్బీ కడతాను ఆగంటే ఆగితేనా?"

కత్తిపీట పక్కకి నెట్టాను. బిళ్ళ వేసుకుని తినకపోతే ఏమవుతుందో మా ఇళ్ళలో అందరికీ తెలుసు. చెమటలు పోస్తాయి, చేతులు వణుకుతాయి, ఆ తర్వాత మనిషి స్పృహలో ఉండడు. మా అన్నయ్య గ్యాంగులో గ్యాస్ కట్టర్ పట్టే మనిషి. ఇనుముని కోసే మంట ఆయన చేతిలో ఉంటుంది. ఆ మంటకి అవతల ఎవరి కాలో, ఎవరి చెయ్యో ఉంటుంది.

"నువ్వెడితే తినడు, నాకు తెల్సు," అంది వదిన. "అయినా ఎలాగోలా ఇంత నోట్లో పడీలా సూడే."

నేను పెడితే ఎందుకు తినడో చెప్పాలి. నేను బాప్తిస్మం తీసుకున్న ఏడాది అన్నయ్య మా ఊరి అమ్మవారి మొక్కు తీర్చుకుని, ప్రసాదం గిన్నె పట్టుకుని మా క్వార్టర్‌కి వచ్చాడు. నేను రెండు చేతులూ జోడించి, "వద్దన్నియ్యా, నాను తీసుకోకూడదు," అన్నాను. ఆయన కేకలేసినా బాగుండేది. గిన్నె మీద ఆకు సర్దుకుని, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఎదురుపడితే పలకరించేవాడు, పిల్లల చదువులు అడిగేవాడు, మా ఇంట మాత్రం తినలేదు. "నువ్వు మా అమ్మోరి పెసాదం ముట్టవు, నాను మీరు పార్దన సేసిన కూడు ముట్టను. సరికి సరి," అనేవాడు. ఆ రోజు నేను కాదన్నది తప్పని నాకు అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు. ఆయన మాటా తప్పనిపించదు. అదే నా బాధ.

వేన్ బయల్దేరే ముందు పాస్టరమ్మగారు దాని తలుపు మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. బియ్యం, పప్పు, ఉడికిన కిచిడీ, టీపొడి, పంచదార, బిస్కెట్లు, ఆఖరికి నీళ్ళ కేన్లు కూడా దేవుడి చేతుల్లో పెట్టేశారు. అందరం ఆమెన్ అన్నాక గానీ నా బుర్రకి తట్టలేదు. ఒక్క బిస్కెట్ పేకెట్టు ముందే నా సంచిలో వేసుకుని ఉంటే ఎంత బాగుండేది! దారిలో ఏదైనా కొట్టు కనిపిస్తే ఆపమని డ్రైవర్ని బతిమాలాను. ఆ వానకి కొట్లన్నీ మూసే ఉన్నాయి.

"ఏటమ్మా, ఆకలా?" అని అడిగారు పాస్టరమ్మగారు.

"నాక్కాదండి," అన్నాను.

దిగే ముందు ఆవిడ మా అందరికీ గట్టిగా చెప్పారు: "అక్కడ పాటలొద్దు, పైకి ప్రార్థనలొద్దు. మన పని గరిటెతోనే." ఈ మధ్య మాలాంటివాళ్ళు ఎక్కడికి వెళ్ళినా, మతం మార్చడానికొచ్చారా అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. అందుకే మేం మాట్లాడకుండా వడ్డించడం నేర్చుకున్నాం.

అక్కడ కొండ సగం కోసేసినట్టు ఎర్రగా ఉంది. రైల్వేవాళ్ళ రిలీఫ్ బండి బురద అవతలే ఆగిపోయింది. దాంతో పాటే దానిలోని తిండి సామానూ. మనుషులు మాత్రం సిలిండర్లు భుజాల మీద మోసుకుని నడిచి వచ్చారు. నారింజ రంగు బట్టల్లో రెస్క్యూ వాళ్ళు పెట్టెల మీద చీమల్లా తిరుగుతున్నారు. మా టార్పాలిన్ కింద టీ పొయ్యి వెలగగానే వాళ్ళు వంతులవారీగా వచ్చారు. బురద చేతులతో పళ్ళెం పట్టుకోలేని వాళ్ళకి మేమే తినిపించాం. మా తెలుగు గ్యాంగు కుర్రాళ్ళు మాత్రం దూరంగా నిలబడ్డారు. మేస్త్రీ తినకుండా వాళ్ళు తినరు. ఆ మేస్త్రీ మా అన్నయ్యే.

సిలిండర్ మార్చడానికి బయటికి వచ్చినప్పుడు ఆయన్ని పట్టుకున్నాను. వానలో తడిసిన మొహంలో చెమట తెలియదు గానీ, పెదాలు సున్నం రాసినట్టు పాలిపోయాయి.

"అన్నియ్యా, ఇంత తిను."

"పనవ్వనీ."

"బిళ్ళ ఏసీసుకున్నావంట."

"మీ వదిన నోటికి తాళం ఎయ్యాల."

"పోనీ, టీ అయినా తాగు."

"పంచదారకి కూడా పార్దన సేసీసారా?"

అబద్ధం చెబితే తాగేవాడేమో. నాకు నోరు రాలేదు. "సేసీసారు," అన్నాను.

"మరింక ఎల్లు, అడ్డు నిలబడకు."

గ్యాంగుని నడిపే పెద్దసారుకి చెబుదామా అనుకున్నాను. చెబితే అన్నయ్యని పక్కన కూర్చోబెడతారు. రెండో కట్టర్ మనిషి అవతలి పెట్టెలో ఉన్నాడు, అక్కడా ప్రాణాలున్నాయి. ఇక్కడ ఈ పెట్టెలో ఒక ఆడమనిషి బతికి ఉంది. సీటు ఇనప చట్రం వంగిపోయి ఆమె పాదం మీద పడింది. కొండ మీంచి నీళ్ళు లోపలికి పారుతూనే ఉన్నాయి. చెప్పినా ప్రమాదమే, చెప్పకపోయినా ప్రమాదమే.

అలా నిలబడి ఉండగా రెస్క్యూ సారు మా టార్పాలిన్ దగ్గరికి వచ్చి, "ఎవరైనా దీదీ లోపలికి రాగలరా? మంట చూస్తే ఆవిడ కాలు గుంజేసుకుంటోంది. ఆడమనిషి చెయ్యి పట్టుకుంటే నెమ్మదిస్తుందేమో," అన్నారు. ఆయన మాట పూర్తి కాకముందే నేను కదిలాను. చిన్న డబ్బాలో కిచిడీ వేసి, దాని మీద గుప్పెడు పంచదార చల్లి, మూత పెట్టి కొంగులో దోపుకున్నాను. నా నెత్తిన హెల్మెట్ పెట్టి కిటికీలోంచి దింపారు.

ఒరిగిపోయిన పెట్టె లోపల కింద ఏదో, పక్క ఏదో తెలియదు. సీట్లు గోడకి వేలాడుతున్నాయి. నీళ్ళ మీద ఎవరివో చెప్పులు తేలుతున్నాయి. కాలిన ఇనుము వాసన గొంతులో పట్టుకుంది. ఆవిడ నా వయసే ఉంటుంది, ఇక్కడి పల్లె మనిషి. నడుం దాకా నీళ్ళలో ఉంది, ఇరుక్కున్న కాలు మాత్రం నీళ్ళకి పైన చట్రంలో ఉంది. కాలి చుట్టూ తడి గోనెలు కప్పారు. నేను చెయ్యి అందించగానే వేళ్ళు నొప్పెట్టేలా పట్టుకుంది.

"ఆవిడకి తినడానికి ఏమీ పెట్టొద్దు, పెదాలు తడపండి చాలు," అని పైనుంచి డాక్టర్ చెప్పాడు.

అన్నయ్య కట్టర్ వెలిగించాడు. నీలం మంట చట్రానికి తగలబోతూ పక్కకి ఊగింది. ఆపేశాడు. చేతిని ఇంకో చేత్తో పట్టుకుని మళ్ళీ వెలిగించాడు. మళ్ళీ ఊగింది. ఈసారి గోనె అంచు కమిలి పొగ వచ్చింది. గోనెల మీద నీళ్ళు పోస్తున్న గ్యాంగు కుర్రాడు నా వంక చూశాడు.

"తోర్ హాథ్ కాంపత్ హే, బాబూ," అంది ఆవిడ. నీ చెయ్యి వణుకుతోంది, అని.

"చలి అమ్మా," అన్నాడు అన్నయ్య హిందీలో.

"చలి కాదు," అన్నాను నేనూ హిందీలోనే. "షుగరు మందు వేసుకుని తినలేదు. ఇదిగో, డబ్బా నా దగ్గరే ఉంది. మా ప్రార్థన చేసిన అన్నమని ముట్టడు. నేను ఆయన చెల్లెల్ని."

"ఒలే, నీ నోరు ముయ్యి!" అన్నాడు అన్నయ్య. "నువ్వు మా అమ్మోరి పెసాదం తిన్నావేటి? నన్నెందుకు తినమంటావు?"

పైన కొండ మీంచి రాళ్ళు జారి పెట్టె మీద టకటకమని పడ్డాయి. "జల్దీ, జల్దీ!" అని సారు అరుస్తున్నారు. ఆవిడ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, "ఏమంటున్నాడు?" అని అడిగింది. చెప్పాను. ఆ నొప్పిలో కూడా ఆవిడకి కోపం వచ్చింది.

"వాహ్ రే! కాలు నాది, నిప్పు నీది, మధ్యలో పంచాయితీ దేవుళ్ళదా? ఇటు తే ఆ డబ్బా."

"మీకు పెట్టొద్దన్నారు—"

"తేవమ్మా."

మూత తీసి పట్టుకున్నాను. ఆవిడ వేలి కొసతో ఒక్క మెతుకు తీసి నాలుక మీద పెట్టుకుంది. అదే వేలు మళ్ళీ కిచిడీలో గుచ్చి కలియతిప్పింది.

"అబ్ ఏ హా భోగ్ నో హే, మోర్ జూఠా హే," అంది. ఇది ఇక ఏ దేవుడి నైవేద్యమూ కాదు, నా ఎంగిలి, అని. "ఎంగిలి పడ్డది దేవుడికి పనికొస్తుందా? రాదు కదా. నీకు పనికొస్తుంది. తిను. తినకుండా నా కాలి దగ్గరికి ఆ మంట తెచ్చావంటే నేనే నిన్ను తంతాను, ఈ రెండో కాలుతో."

అన్నయ్య డబ్బాలోకి చూశాడు. పరాయి మనిషి ఎంగిలి మా ఇంట్లో చిన్నప్పుడు కూడా తిననివాడు. ఆవిడ పాదం వంక చూశాడు. నీళ్ళు ఇందాక ఉన్న చోటు దాటి పైకి వచ్చాయి. గ్లవుజు మీద నూనె, బురద. నా వైపు తిరిగి నోరు తెరిచాడు.

ముద్దలు చేసి పెట్టాను. చంటిపిల్లాడికి పెట్టినట్టు, పెదాల మీద పడ్డ పంచదార కూడా వేలితో లోపలికి తోశాను.

"కిచిడీలో పంచదారేటే? పరవన్నం అనుకున్నావా?"

"మూసుకుని తిను."

"క్యా హువా? ఎందుకు ఆపారు?" అని పైనుంచి కేక.

"గ్యాస్ చూస్తున్నాం సాబ్!" అన్నాడు అన్నయ్య, నోటినిండా మెతుకులతో.

ఒంటికి పట్టేదాకా ఆగాలి. ఆ ఆగడం ఉంది చూశారూ, అంత పొడుగు నిరీక్షణ నాకు పురుళ్ళప్పుడు కూడా తెలియదు. ముగ్గురం ఆయన చేతినే చూస్తూ కూర్చున్నాం. నీళ్ళు ఎక్కుతున్నాయి. నేను లోపల్లోపల ప్రార్థిస్తున్నాను, ఆవిడ పెదాలు కదిపి ఎవరినో తలుచుకుంటోంది. కాసేపటికి ఆయన గ్లవుజు పైకెత్తి ఎదురుగా చాచి చూసుకున్నాడు. కదల్లేదు.

ఈసారి మంట చట్రానికి అతుక్కుని నిలబడింది. నిప్పురవ్వలు నీళ్ళలో పడి చుయ్యిమన్నాయి. కుర్రాడు గోనెల మీద నీళ్ళు పోస్తూనే ఉన్నాడు. ఆవిడ నా మణికట్టు మీద పళ్ళు ఆనించింది గానీ కాలు మాత్రం కదపలేదు. ఇనుము ఎర్రగా మెత్తబడి, పటుక్కుమని తెగింది. అన్నయ్య భుజం పెట్టి చట్రాన్ని లేపాడు, నేను పాదాన్ని ఇవతలికి లాగాను.

ఆవిడని స్ట్రెచర్ మీద కిటికీలోంచి పంపించాక మేమిద్దరం పైకి వచ్చాం. అన్నయ్య తడి గట్టు మీద కూలబడి డబ్బా అడుగున మిగిలింది వేలితో ఊడ్చుకు తిన్నాడు. మా గ్యాంగు కుర్రాడొకడు వచ్చి, "ఏటి గురూ, తినీసావా? పార్దన సేసిందంట గదా?" అన్నాడు ఎగతాళిగా.

"ఎంగిలైపోయిందిరా. నువ్వూ ఎల్లి తిను, ఆళ్ళు మళ్ళీ వొండి పార్దన సేసీలోగా," అన్నాడు. కుర్రాళ్ళందరూ టార్పాలిన్ వైపు నడిచారు. పాస్టరమ్మగారు గరిటె పట్టుకుని ఏమీ అడక్కుండా వడ్డించారు.

పెట్టెలో చిక్కుకున్న ఆవిడ పాదం దక్కిందని, కుంటుతూ అయినా నడుస్తోందని తర్వాత వదిన కనుక్కుని చెప్పింది.

అన్నయ్య ఈ రోజుకీ ప్రార్థన చేసిన తిండి తినడు. నేను ప్రసాదం ముట్టను. కానీ ఆదివారం కూర దించగానే, ఇంకా ఎవరూ ప్రార్థనకి కళ్ళు మూసుకోకముందే, ఒక గిన్నె తీసి వాళ్ళింటికి పంపిస్తున్నాను. ఆయన పండక్కి గారెలు దేవుడి ముందు పెట్టకముందే, కొన్ని మూత గిన్నెలో వేసి ఇటు పంపిస్తున్నాడు. గిన్నెలు రెండిళ్ళవీ కలిసిపోయి, ఏది ఎవరిదో మాకే తెలియడం లేదు.

విన్నారు కదా, ఇక లేవండి. మీ ఇంట వండే చేతికి అలుపు రాకూడదు, పనికి వెళ్ళిన మనిషి చెయ్యి వణక్కూడదు. ఎవరు ఎక్కడ చిక్కుకున్నా మీ గుమ్మం నుంచి ఒక మనిషి బయల్దేరి వెళ్ళాలి, మీ మనిషి చిక్కుకుంటే ఇంకో గుమ్మం నుంచి రావాలి. అందరూ చల్లగా ఉండండి.