వెలుగు తగ్గించిన ముఖం

కాగితం మిల్లు పెట్టిన కొత్తల్లో సత్తుపల్లి నుంచి వచ్చి సారపాకలో స్టూడియో పెట్టిన వెంకటప్పయ్యకు ఒక పేరుండేది. ఆయన దగ్గర ఫోటో దిగితే బొగ్గు కూడా తెల్లబడుతుందని.

అందులో మంత్రమేమీ లేదు. చీకటి గదిలో నెగెటివ్ గుండా కాగితం మీద వెలుగు పడాలి. ఎంతసేపు పడితే ముఖం అంత నల్లగా తేలుతుంది. సన్నటి ఛాయలు కూడా చూపే సాఫ్ట్ పేపరుకు ఆరు అంకెలు లెక్కపెట్టాలి, నలుపూ తెలుపుగా విడగొట్టే హార్డ్ పేపరుకు పన్నెండు. వెంకటప్పయ్య ఏ పేపరుకైనా రెండు మూడు అంకెలు ముందే దీపం ఆర్పేసేవాడు. కాకిపిల్ల కాకికి ముద్దంటారు గానీ, ఈ ఊరి కాకులకు కొంగపిల్లలే కావాలి మరి! పదేళ్ళలో ఆ చెయ్యి ఇంకోలా ఆర్పడం మరిచిపోయింది.

ఎనభై తొమ్మిదో సంవత్సరం ఎండల్లో ఒక రాత్రి ములకలపల్లి దారిలో వెదురు లారీ బోల్తాపడి, లోడు మీద కూర్చున్న కూలి ఒకడు చచ్చిపోయాడు. డ్రైవరు పరారీ. కూలి ఎవరో చెప్పేవాళ్ళు లేరు. పొద్దున్నే పోలీసులు వెంకటప్పయ్యను పిలిచి ఫోటో తీయించారు. శవం ముఖం తేరిపార చూసే ధైర్యం లేక ఆయన గబుక్కున నొక్కేసి వచ్చాడు. ఎండకు శవం ఆగదని, సాయంత్రందాకా ఎవరూ రాకపోతే కాల్చేస్తామన్నారు. ఆయన ఆదరాబాదరాగా చేతికందిన హార్డ్ పేపరు మీద ప్రింటు వేశాడు. చెయ్యి అలవాటు ప్రకారం దీపం ఆర్పింది.

మధ్యాహ్నం కానిస్టేబులు జంపక్కను స్టూడియోకు తీసుకొచ్చాడు. అడవి పల్లె మనిషి. వెదురు కూలికి పోయిన కొడుకు సీతయ్య రాత్రి ఇల్లు చేరలేదని స్టేషనుకు వచ్చింది.

"ముందుగాల ఫోటో సూడు. నీ కొడుకైతేనే వంతెన దాటి శవమున్న దవాఖానాకు పోదాం" అన్నాడు కానిస్టేబులు.

ఆమె ఫోటోను రెండు చేతులతో పట్టుకుని చూసింది. "కాదయ్యా. ఈయనెవరో దొర లెక్క తెల్లగున్నడు. నా కొడుకు ముఖం నిండ అమ్మోరు పోసిన మచ్చలే" అంది. నవ్వు ఆగక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "బతికిండు నా కొడుకు" అనుకుంటూ బస్సుకు వెళ్ళిపోయింది.

మచ్చలనగానే వెంకటప్పయ్యకు తన చేతి అలవాటు గుర్తొచ్చింది. చీకటి గదిలోకి పోయి సాఫ్ట్ పేపరు పెట్టి, ఆరూ నిండేదాకా లెక్కపెట్టాడు. మందునీళ్ళలో ముఖం నల్లబడుతూ వచ్చింది. చెంపల మీద గుంటలు తేలాయి. పాడు చెయ్యి! పెళ్ళికూతుళ్ళకు సరే, చచ్చినవాడికి కూడా సున్నం కొట్టాలా?

తడి ప్రింటుతో బస్టాండుకు పరుగెత్తాడు. బస్సు వెళ్ళిపోయింది. స్టేషనుకు పోతే, "కాదని ఆమెనే చెప్పింది గదా, మల్ల ఏంది?" అని కానిస్టేబులు విసుక్కున్నాడు. సైకిలు మీద పల్లె చేరి, ఆమెకు ఆ ప్రింటు చూపించి, వెంటబెట్టుకుని వచ్చేసరికి తెల్లారింది.

శ్మశానంలో మూడు బూడిద కుప్పలున్నాయి. ఏది ఎవరిదో గుర్తులేదన్నాడు కాల్చినవాడు. జంపక్క ఫోటో పట్టుకుని ఒక్కో కుప్ప దగ్గరా నిలబడింది. చివరికి వెంకటప్పయ్య వైపు తిరిగింది.

"ముఖం చూపెట్టినవ్ గదయ్యా. ఇప్పుడు చెప్పు, వీటిల్ల నా కొడుకు ఏడున్నడు?"