నాజిల్‌కు పెట్టిన బొట్టు

తొంభైల్లో మా డిపార్టుమెంటు చాలా చిన్న ఉపగ్రహాలను ఆకాశంలో అటూ ఇటూ జరిపే బుల్లి రాకెట్ల పని పెట్టుకుంది. వాటిలో మంట ఉండదు. సిలిండరులోని నైట్రోజన్, నాజిల్ అనే మూతికున్న వెంట్రుకకన్నా సన్నని రంధ్రంలోంచి బయటికి దూకుతుంది. అది తోసే బలం దోమ బరువంత. తార్నాకలో మా ఇంటి ఓనరుకు ఇది చెబితే, "గింత దానికి పీహెచ్‌డీ ఇస్తరా?" అన్నాడు. మా హెడ్డుకన్నా ఆయనకే విషయం బాగా అర్థమైంది.

ఆ రంధ్రం వేసింది మా వర్క్‌షాపు మెకానిక్కు. లాలాపేట నుంచి సైకిలు మీద వచ్చేవాడు. అంతకుముందు వాచీలు బాగుచేసేవాడు. కంటికి ఆ వాచీల భూతద్దమే బిగించుకుని, చాలా ముక్కలు పాడుచేసి, చివరికి ఒకటి సాధించాడు. ఏళ్ల తరబడి టెంపరరీ. కమిటీ ముందు ఈ రాకెట్ పరీక్ష గట్టెక్కితే పర్మనెంటు చేయిస్తానని హెడ్డు మాటిచ్చాడు.

దసరా సెలవులకు ముందు ఆయుధపూజ చేశారు. లేతు మిషనుకు, టైపురైటరుకు, టెలిఫోనుకు హెడ్డే స్వయంగా కుంకుమ పెట్టాడు. పళ్లెం పట్టుకున్నది నేను. నాజిల్‌కు బొటనవేలితో, సరిగ్గా నడిమధ్యన పెట్టాడు. గాలి గొట్టాల్లో ఎలా పారుతుందన్నదే ఆయన పరిశోధన.

సెలవులయ్యాక కమిటీ వచ్చింది. గ్యాసు వదిలితే, బలాన్ని కొలిచే మీటరు ముల్లు కదల్లేదు. కమిటీ బిస్కెట్లు తిని వెళ్లిపోయింది. మెకానిక్కు నాజిల్ ఊడదీసి అద్దం పెట్టుకుని చూశాడు.

"తమ్మీ, లోపల ఎర్రగున్నది. ఏందిది?"

"కుంకుమ అన్నా. హెడ్ సార్ పెట్టిండు."

కాసేపు నవ్వాడు. "నజర్ తగల్తదని పెట్టిండేమో. నువ్వు పోయి సార్‌కు చెప్తవా?"

"చెప్తా" అన్నాను.

హెడ్డు గదిలోకి వెళ్లేసరికి రిపోర్టు సిద్ధంగా ఉంది, ఆయన నోట్లో. "రాస్కో. రంధ్రం తయారీలో లోపం."

"సార్, అందులో కుంకుమ పోయి..."

"అంటే, తప్పు అమ్మవారిదంటవా? నీ థీసిస్ మీద సంతకం ఎవరు పెట్టాలె?"

రాసుకున్నాను. నా దస్తూరి బాగుందని మెచ్చుకున్నాడు.

మెకానిక్కు నాజిల్‌ను స్పిరిట్‌తో కడిగి బిగించాడు. వారం తర్వాత ముల్లు కదిలింది. చూసింది మేమిద్దరమే. "పోయింది తమ్మీ, దోమ!" అన్నాడు. హెడ్డుతో నేనేం చెప్పానో ఆయన ఎన్నడూ అడగలేదు. టెంపరరీగానే ఉండిపోయాడు.

కొన్నేళ్లకు, టెంపరరీగానే చనిపోయాడు. టెంపరరీ కాబట్టి ఇంటివాళ్లకు ఇవ్వడానికి ఏమీ లేదన్నారు. సంతాప సభ పెట్టారు. ఆయన చేతిలో విశ్వకర్మ ఉన్నాడని హెడ్డు అన్నాడు. భార్య తెల్లచీరలో, ఒళ్లో బైబిలు పెట్టుకుని, ముందు వరుసలో కూర్చుంది. దండ వేసిన ఫొటో మీద, నుదుటి దగ్గర, పెద్ద కుంకుమ బొట్టు. ఆమె దానివైపే చూస్తోంది.

అందరూ టీలకు లేచాక జేబురుమాలుతో ఫొటో అద్దం తుడిచాను. కొంత కుంకుమ ఫ్రేము సందులోకి పోయింది. గోటితో గీకాను. రాలేదు. అంత సన్నటి పని ఆయనకే వచ్చు.