‘సూచనలు పాటించలేదు’ అన్న వాక్యం

అమెరికాలో, బెంటన్‌విల్‌లోని మా ఆఫీసులో తెలుగువాళ్ళందరూ నన్ను ఆంటీ అని పిలుస్తారు. ఆ పదవికి నేను దరఖాస్తు పెట్టుకోలేదు. నేను అక్కడ డేటా అనలిస్టుని. కాంట్రాక్టు ఉద్యోగం, ఆరు నెలలకొకసారి పొడిగిస్తారు, లేదా పొడిగించరు. పాలు, పెరుగు సరఫరా చేసే వ్యాపారులకు ఏ వారం ఎంత సరుకు అమ్ముడవుతుందో ముందుగా లెక్కగట్టి చెప్పే ప్రోగ్రాములు తయారుచేయడం మా చిన్న సంస్థ పని.

ఈ దేశానికి రాకముందు చాలా ఏళ్ళు గుంటూరులో తాగునీటిని పరీక్షించే ప్రయోగశాలలో పనిచేశాను. అక్కడి అలవాటు ఇప్పటికీ పోలేదు. చేసిన ప్రతి పనినీ, చేసిన వేళతో సహా, పుస్తకంలో సిరాతో రాస్తాను. తప్పు రాస్తే చెరపకూడదు. దాని మీద ఒకే ఒక్క గీత గీసి, కింది అక్షరాలు కనబడేలా ఉంచి, పక్కన పొట్టి సంతకం చేయాలి. తప్పు జరిగిందనీ, దాన్ని ఒప్పుకున్నది ఫలానా మనిషి అనీ రెండూ తెలియాలి.

గత ఏడాది వసంతకాలంలో ఒక సోమవారం ఉదయం నాకో పని అప్పగించారు. మేమందరం కలిసి వాడుకునే పెద్ద కంప్యూటరులో కొత్త మెషీన్ లెర్నింగ్ లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన ప్రోగ్రాముల కట్ట, ఒకటి ఇన్‌స్టాల్ చేసి, అంచనాల ప్రోగ్రామును దానిమీద నడిపించాలి. శుక్రవారం డెమో. టీమ్ లీడ్ నా కొడుకుకంటే చిన్నవాడు, తెలుగువాడు. అతను ఒక సెటప్ డాక్యుమెంట్ పంపించాడు. నేను ఆ డాక్యుమెంటులోని పద్నాలుగు మెట్లనూ పుస్తకంలోకి ఎక్కించుకుని, ఒక్కొక్కటీ పూర్తికాగానే పక్కన టిక్కు పెట్టుకుంటూ పోయాను. ఇన్‌స్టాల్ పూర్తయిందని కంప్యూటరు చెప్పింది. ప్రోగ్రాము నడపగానే అదే కంప్యూటరు ఆ పేరుగల లైబ్రరీ ఏదీ లేదని ఇంపోర్ట్ ఎర్రర్ ఇచ్చింది. మళ్ళీ ఇన్‌స్టాల్ చేయబోతే, ఇదివరకే ఉంది కదా అని సమాధానం వచ్చింది.

మా టీములో ఎర్రర్ వచ్చినప్పుడు దాన్ని చదివే ఆచారం లేదు. స్క్రీన్‌షాట్ తీసి, చివరి వరుస చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, వాట్సాప్ గ్రూపులో పడేస్తారు.

“అన్‌ఇన్‌స్టాల్ చేసి రీఇన్‌స్టాల్ చేయండి ఆంటీ. నాకు వర్క్ అయింది,” అన్నాడొకడు.

“దేనికి వర్క్ అయింది?”

“అదే... ఏదో లైబ్రరీకి. గుర్తు లేదు.”

“మెషీన్ రీస్టార్ట్ చేసి చూశారా ఆంటీ?” అంది ఇంకొక అమ్మాయి, కుళాయి కట్టేసి మళ్ళీ తిప్పమన్నంత తేలిగ్గా.

రెండు రోజుల్లో అదీ ఇదీ కలిపి తొమ్మిదిసార్లు చేశాను. తొమ్మిదింటి ఫలితమూ పుస్తకంలో ఉంది. బుధవారం ఉదయం టికెట్ తెరిచాను. ఏ పని ఎంతవరకు వచ్చిందో ఆన్‌లైన్‌లో రాసిపెట్టే చిట్టాను మేము టికెట్ అంటాము. దాన్ని బట్టే మేనేజరు మా కాంట్రాక్టులు తేలుస్తాడు. నాది తేలవలసింది ఆ నెలాఖరుకే. టికెట్‌లో లీడ్ రాసిన కొత్త వాక్యం ఉంది: ఇన్‌స్టాల్ విఫలమైంది, అనలిస్టు సూచనలు పాటించలేదు.

పద్నాలుగు టిక్కులు పెట్టిన మనిషి గురించి, ఆ టిక్కులలో ఒక్కటైనా చూడనివాడు రాసిన వాక్యం అది.

అతని సీటు దగ్గరికి వెళ్ళి పుస్తకం తెరిచి ముందు పెట్టాను. “ఏ మెట్టు పాటించలేదో చూపించండి.”

“అయ్యో ఆంటీ, పర్సనల్‌గా తీసుకోకండి. జస్ట్ స్టేటస్ అప్‌డేట్. పైవాళ్ళకి ఏదో ఒకటి చెప్పాలి కదా.”

“ఏదో ఒకటి చెప్పాలంటే మీ గురించి చెప్పుకోండి.”

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నేను నా సీటుకు వచ్చి, ఎర్రర్‌ను చివరి వరుస నుంచి కాక మొదటి వరుస నుంచి చదివాను. తరవాత కంప్యూటరుకు రెండు ప్రశ్నలు వేశాను. లైబ్రరీని ఏ ఫోల్డరులో పెడుతున్నావు? ప్రోగ్రామును ఏ ఫోల్డరులోని పైథాన్‌తో నడుపుతున్నావు? రెండు జవాబులూ ఒకదాని కింద ఒకటి రాసుకున్నాను. అవి రెండు వేరువేరు ఫోల్డర్లు. అంటే ఆ యంత్రంలో ప్రోగ్రాములు నడిపే పైథాన్‌లు రెండు ఉన్నాయి. నేను సరుకు ఒక కొట్టులో దింపుతున్నాను, ప్రోగ్రాము పక్క కొట్టులో వెతుకుతోంది. అందరి ప్రోగ్రాములూ ముందుగా ఆ రెండవదాన్నే పట్టుకునేలా ఎవరో సెట్టింగు కూడా మార్చారు.

ఆ రెండవ ఫోల్డరు లీడ్ లాగిన్‌తో తయారైంది. అంతకుముందు శనివారం, మధ్యాహ్నం పన్నెండున్నరకు.

నా పుస్తకంలో ఆ శనివారం కూడా ఉంది. ఆఫీసువాళ్ళందరం పార్కులో పిక్నిక్ చేసుకున్నాము. పన్నెండు నుంచి రెండింటి దాకా లీడ్ గ్రిల్ ముందే నిలబడి మొక్కజొన్న పొత్తులు కాల్చి అందరికీ పంచాడు. లాప్‌టాప్ కాదు కదా, ఫోను కూడా చేతిలో లేదు. మరి అతని లాగిన్‌తో కూర్చున్నదెవరు? మనవాళ్ళలో జాబ్ సపోర్ట్ అనే ఏర్పాటు ఒకటి ఉందని అందరికీ తెలుసు. ఇక్కడివాడు పాస్‌వర్డ్ ఇస్తాడు, హైదరాబాదులో కూర్చున్న ఎవరో ఇతని పని చేసిపెడతారు. ఆ కనబడని మనిషి తన పనికి కావలసినవి తెచ్చి పెట్టుకుని, తలుపు వేయకుండా వెళ్ళిపోయారు. సూచనలు పాటించనిదాన్ని నేను!

సరైన పైథాన్‌ను పేరుపెట్టి పిలిచి ప్రోగ్రాము నడిపాను. మొదటిసారికే నడిచింది. లీడ్‌ను పిలిచి రెండు ఫోల్డర్లనూ చూపించాను, తేదీతో సహా. అతను చూసి తన సీటుకు వెళ్ళిపోయాడు. సాయంత్రం పార్కింగ్‌లో నా కారు దగ్గర నిలబడి ఉన్నాడు.

“ఆంటీ, ఒక్క నిమిషం. ఆ ఫోల్డర్ మ్యాటర్ టికెట్‌లో పెట్టకండి, ప్లీజ్. మీ మీద రాసిన లైన్ నేను డిలీట్ చేసేశాను. చూసుకోండి.”

“డిలీట్ చేయమని నేను అడిగానా? మేనేజరు దాన్ని చదివేశాడు. ఇప్పుడు అది అబద్ధమని చెప్పే గుర్తు కూడా లేకుండా చేశారు. దాన్ని తిరిగి పెట్టి, మీద గీత గీసి, మీ పొట్టి సంతకం పెట్టండి.”

“గీత గీస్తే ఎందుకు గీశావని అడుగుతారు కదా ఆంటీ! మా అమ్మలాంటివారు మీరు...”

“మీ అమ్మగారి గురించి అయితే ఆ వాక్యం రాసేవారా?”

“ఇంత చిన్నదానికి...”

“చిన్నదైతే సంతకం పెట్టడానికి ఏడుపెందుకు?”

కారు ఎక్కి తలుపు వేసుకున్నాను.

గురువారం తొమ్మిదింటి దాకా ఆగాను. గీత రాలేదు. అప్పుడు టికెట్‌లో మూడు వరుసలు రాశాను. లైబ్రరీ చేరిన ఫోల్డరు, ప్రోగ్రాము వెతికిన ఫోల్డరు, ఆ రెండవదాన్ని సృష్టించిన లాగిన్, రోజు, గంట. విశేషణం ఒక్కటి కూడా వాడలేదు. పిక్నిక్ మాట ఎత్తలేదు. ఎత్తవలసిన అవసరం లేదు. లీడ్ చేతి మొక్కజొన్న తిన్నవాళ్ళలో మేనేజరు కూడా ఉన్నాడు.

పదిన్నరకు మా ఇద్దరినీ గదిలోకి పిలిచాడు. శనివారం మధ్యాహ్నం నువ్వు గ్రిల్ దగ్గర ఉన్నావు కదా అని లీడ్‌ను అడిగాడు. తెలిసినవాళ్ళు కొంచెం సాయం చేశారని లీడ్ గొణిగాడు. మేనేజరు నావైపు తిరిగి, నీకేం కావాలని అడిగాడు. చెప్పాను.

లీడ్ అక్కడే కూర్చుని ఆ వాక్యాన్ని మళ్ళీ టైపు చేసి, గీత కొట్టి, పక్కన తన పేరులోని రెండు అక్షరాలు పెట్టాడు. లేచి వెళ్తూ తెలుగులో, “హ్యాపీయా ఆంటీ? ఇది కూడా బుక్‌లో రాసుకోండి,” అన్నాడు.

రాసుకున్నాను. పది గంటల యాభై రెండు నిమిషాలు.

డెమో జరిగింది, నా కాంట్రాక్టు మరో ఆరు నెలలు పొడిగించారు. లీడ్ లాగిన్‌కు ఆ యంత్రంలో ఏదీ ఇన్‌స్టాల్ చేసే హక్కు లేకుండా చేశారు. అంతకుమించి అతనికి ఏం జరిగిందో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసి తినే తరవాతి పాట్‌లక్‌కు నన్ను పిలవలేదు. ఆంటీ వస్తే గిన్నెతో పాటు రిజిస్టర్ కూడా తెస్తుందని కాఫీ మెషీన్ దగ్గర నవ్వుకున్నారట. ఆ మాట అన్నదెవరో, ఏ రోజు అన్నారో కూడా నా పుస్తకంలో ఉంది. దాని మీద గీత గీసే ఉద్దేశం నాకు లేదు.