కార్ల్స్‌రూహెలో మెట్ల డ్యూటీ

నవంబరులో, పరాయి దేశంలో మా కూతురుండే ఊరు కార్ల్స్‌రూహెలో దిగాం. సన్నటి వాన. సాయంత్రం ఐదుకే చీకటి. మంచుకొండల్లో కాపలా కాసి సుబేదారుగా రిటైరైన నాకు ఇదే ఆఖరి పోస్టింగు: నెలలు నిండిన కూతురికి కాపలా. కమాండరు మా ఆవిడ. అల్లుడికి వాల్డార్ఫ్ అనే పక్క ఊళ్లో ఉద్యోగం, పొద్దున పోతే చీకటి పడ్డాకే రాక.

వీధి నుంచి గుమ్మానికి నిటారు రాతిమెట్లు. వాటి మీద తడి ఆకులు. మనిషి కదిలితే తనంతట తానే వెలిగే లైటు ఒకటి, గోడకు దాని సెన్సరు. మొదటిరోజు కాలు పెట్టగానే వెలిగింది. మంచి సెంట్రీ దొరికాడనుకున్నాను.

మర్నాడు మా ఆవిడ కార్తీకమాసమని గుమ్మం దగ్గర ఆకాశదీపం కట్టి వెలిగించింది. గాజుబుడ్డి, నిండా నూనె. కొక్కెం ఆ సెన్సరు పక్కనే దొరికింది.

డాక్టరు దగ్గరికెళ్లిన కూతురు సాయంత్రం ఫోను చేసింది.

"నాన్నా, ట్రామ్ దిగిన."

"పైలం బిడ్డా. తలుపు తీస్తున్న."

తలుపు తీసి చూస్తే ఆమె మెట్లెక్కుతోంది. లైటు వెలగలేదు. సగంలో కాలు జారింది. కమ్మీ దొరకబట్టి ఆగింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. పరుగున దిగి చెయ్యి పట్టుకున్నాను.

లోపల కూర్చోబెట్టాం. మా ఆవిడ కడుపు మీద చెయ్యి పెట్టి చూసి, "తంతున్నది," అంది. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను.

"లైటు ఖరాబైంది. రేపే కొత్తది తెస్త," అన్నాను.

కూతురు నవ్వింది. "ఖరాబు కాలే నాన్నా. దానికి రెండు కళ్లు. ఒకటి మనిషి ఒంటి వేడి కదిలితే పసిగడ్తది. ఇంకోటి చీకటైందా లేదా చూస్తది. రెండూ సరే అంటేనే వెలుగుతది. అమ్మ దీపం రెండోదాని మొకం మీదనే ఉంది. అది ఇంకా పగలే అనుకుంటున్నది."

కార్తీకంలో దీపం తీయమని కమాండరుకు చెప్పే ధైర్యం నాకు లేదు. ఆమే లేచింది.

"కిటికీల పెట్టినా దేవునికి కనవడ్తది. పిల్లకు మెట్లు కనవడాలె."

దీపం లోపలికొచ్చింది. నేను బయటికెళ్లి మెట్టు మీద అడుగేశాను. లైటు వెలిగింది. హమ్మయ్య!

వారం తిరక్కుండానే ఒక సాయంత్రం నొప్పులొచ్చాయి. కింద టాక్సీ ఆగింది. ఆ రాత్రే మనవరాలు పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం.

వీసా గడువుకు వరంగల్ వచ్చేశాం. ఇక్కడ అందరూ మంచుకొండల కబుర్లే అడుగుతారు. కళ్లు మూసుకుంటే నాకు కనిపించేది వేరు. తెల్లటి వెలుతురు, నేను ఊడ్చిన మెట్లు, నా చెయ్యి వదిలేసి కడుపు పట్టుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ టాక్సీ దాకా దిగుతున్న నా బిడ్డ.